కాయితంలో సీసం పోస్తారా?

అచ్చు కథ – 9వ భాగం

పోయిన భాగం లండన్‌లో మొదలై అమెరికాలో ఆగింది. 1814 నవంబరు 29 తెల్లవారుజామున ‘ది టైమ్స్’ యజమాని రెండో జాన్ వాల్టర్ పత్రిక చేతపట్టుకుని ప్రెస్సు గదిలోకి వచ్చాడు. ఐరోపా వార్తలు రావాలని చెప్పి రాత్రంతా కూర్చోబెట్టిన చేతిమర పనివాళ్ల ముందు నిలబడి, ఇవాళ్టి పత్రిక ఆవిరి యంత్రం మీద అచ్చయిపోయిందని చల్లగా చెప్పాడు. గంటకు 1,100 కాగితాలు. ఆ తర్వాత అమెరికాలో రిచర్డ్ హో అక్షరాలనే తిరిగే రోలరు మీద బిగించాడు. 1847లో ఫిలడెల్ఫియాలో ఆ యంత్రం నడిచింది. వేగం పెరిగేకొద్దీ అక్షరాలు ఊడి గదిలో ఎగిరిపడతాయేమోనన్న భయమూ పెరిగింది. బల్లపరుపుగా పేర్చాల్సిన సీసపు అక్షరాలను గుండ్రటి రోలరు చుట్టూ ఎలా కట్టాలి? ఆ చిక్కు దగ్గరే ఆగాం.

ఆ చిక్కు విడదీసింది కాగితం. ఈ మాట జంషెడ్‌పూర్ పక్క గమ్హరియాలో మా పొరుగాయన దగ్గర అన్నాను. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, ఇక్కడి ఫౌండ్రీలో ముప్పై ఏళ్లు ఇసకతో మూసలు కట్టి రిటైరైన పెద్దాయన.

“ఏటి మేస్టారూ, ఈపాలి దేని గురించి రాస్తున్నారు?”

“కాగితపు మూసల గురించి బాబాయ్. అక్షరాల పేజీ మీద తడి కాగితం అద్ది, ఆరబెట్టి, అందులో కరిగించిన సీసం పోస్తారు...”

“కాయితంలో సీసం పోస్తారా? కాలిపోదేటి? ముప్పయ్యేళ్లు ఢలాయి సేసినోణ్ని, నాకే సెప్తున్నారా!”

ఆయన అనుమానంలో న్యాయముంది. ఆదిత్యపూర్ నుంచి గమ్హరియా దాకా ఏ ఫౌండ్రీలో చూసినా ‘ఢలాయి’ (పోత)కి వాడే ‘సాంచా’ (మూస) అంటే ఇసకదో లోహానిదో. అందులో పడే ఇనుము వేడి 1,300 డిగ్రీలు దాటి ఉంటుంది. కాగితానికి 230 డిగ్రీల దగ్గరే నిప్పంటుకుంటుంది. పత్రికలవాళ్లు పోసే లోహం 300 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది. లెక్కప్రకారం కాగితం కాలిపోవాల్సిందే. కాలలేదు సరికదా, నూరేళ్లకు పైగా లోకంలోని పెద్ద దినపత్రికలన్నీ ఆ కాగితం మీదే బతికాయి. ఎలాగో చూడాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

మూస అనగానే మనకు ముందు గుర్తొచ్చేది కంసాలి. ఈ కథా కంసాలితోనే మొదలు. స్కాట్లండ్‌లో, ఎడింబరోలో విలియం గెడ్ అనే బంగారం పనివాడు ఉండేవాడు. ఆ ఊళ్లో అక్షరాలు పోతపోసేవాళ్లు లేరు, దూరం నుంచి తెప్పించుకోవాలి. 1725లో గెడ్‌కు ఒక ఊహ వచ్చింది. విడివిడి అక్షరాలు పోయడం దేనికి? పేర్చిన పేజీ మొత్తానికీ ఒకే మూస తీసి, ఒకే పలకగా పోతపోస్తే? అక్షరాలను విప్పి మళ్లీ వాడుకోవచ్చు, పలకను దాచుకుని కావలసినప్పుడల్లా అచ్చేసుకోవచ్చు. ప్లాస్టరుతో మూస తీశాడు. పలక వచ్చింది.

లండన్ వెళ్లి వాటాదారులతో కలిశాడు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం కోసం బైబిళ్లు, ప్రార్థన పుస్తకాలు అచ్చేసే హక్కు సంపాదించారు. అక్కడే దెబ్బపడింది. పలక ఒకసారి తయారైతే మళ్లీ పేర్చే పని ఉండదు, కంపోజిటర్‌కు కూలీ ఉండదు. అక్షరాలు అరగవు, పోతవాళ్లకు బేరం ఉండదు. పేర్చేవాళ్లు ఒక తప్పు దిద్దుతూ కావాలని మరో ఆరు తప్పులు పెట్టారు. యజమాని లేనప్పుడు అక్షరాలను చితగ్గొట్టారు. ప్రార్థన పుస్తకాలు రెండు వచ్చేసరికే పని ఆగిపోయింది, పలకలు కొలిమిపాలయ్యాయి. గెడ్ ఇంటికి తిరిగొచ్చాడు. ఏ కంపోజిటర్ నమ్మకస్తుడు? కొడుకు జేమ్స్‌నే ఒక ప్రెస్సులో పనికి పెట్టాడు. తోటివాళ్లు ఇళ్లకు వెళ్లాక ఆ కుర్రాడు రాత్రుళ్లు పేర్చిన పేజీల నుంచి రోమన్ చరిత్రకారుడు శాలస్ట్ పుస్తకం 1739లో బయటికొచ్చింది. 1749లో గెడ్ పోయేనాటికి చేతిలో చిల్లిగవ్వ లేదు.

కంపోజిటర్లను తిట్టడానికి నా కలం రాదు. వాళ్ల భయం నిజమైనదే. యంత్రం వచ్చిన ప్రతిచోటా ముందు ఖాళీ అయ్యేది ఎవరి కంచమో మన ఊళ్లో ఎవరికీ వేరే చెప్పక్కర్లేదు.

దాదాపు యాభై ఏళ్ల తర్వాత ప్యారిస్‌లో ఫిర్మాన్ దిదో అనే అచ్చుపనివాడు ఈ పద్ధతికి ‘స్టీరియోటైప్’ అని పేరుపెట్టాడు. గట్టిపడిన అక్షరం అని గ్రీకు అర్థం. ఇంగ్లండులో లార్డ్ స్టాన్‌హోప్ ప్లాస్టరు మూసను బాగుచేశాడు. బైబిళ్లకు, నిఘంటువులకు అది సరిపోయింది, దినపత్రికకు మాత్రం పనికిరాలేదు. ప్లాస్టరు మూస తయారై, ఎండి, కాలేసరికి గంటలు పట్టేది. ఒక్క పలక తీస్తే మూస పగిలిపోయేది. అన్నిటికంటే పెద్ద లోపం, ప్లాస్టరు వంగదు. గుండ్రటి రోలరుకు గుండ్రటి పలక కావాలి. వంగే మూస ఏది?

1829లో ఫ్రాన్స్‌లోని లియాన్ నగరంలో క్లోద్ జెనూ అనే అచ్చుపనివాడు దానికి పేటెంటు తీసుకున్నాడు. కాగితాలను పొరలు పొరలుగా అంటించి, మధ్య మధ్య మట్టి కలిపిన జిగురు పూసి, ఆ తడి అట్టను అక్షరాల మీద అద్దాడు. పాత కాగితాలు నానబెట్టి, మెంతులు కలిపి రుబ్బి, బుట్టలకూ చేటలకూ మెత్తే మన అమ్మమ్మలకు ఈ విద్య కొత్తగా తోచదు. దానికి అక్షరాన్ని గుర్తుపెట్టుకోవడం నేర్పడమే జెనూ చేసిన పని. ఆ పొరల అట్టను ఫ్రెంచివాళ్లు ‘ఫ్లాన్’ అన్నారు. ఇంగ్లిషువాళ్ల నోట అది ‘ఫ్లాంగ్’ అయింది. మన ప్రెస్సుల్లోనూ అదే మాట. అమెరికా పద్ధతివాళ్లు ‘మ్యాట్’ అనేవాళ్లు.

అయినా పాతికేళ్లపాటు పత్రికలు దాని జోలికి పోలేదు. ఇంగ్లండులో అడ్డం పడ్డది పన్ను. పత్రిక కాగితం ప్రతి దానిమీదా సర్కారు ముద్ర ఉండాలి, అంటే కాగితాలు విడివిడిగానే యంత్రంలోకి పోవాలి. చుట్ట కాగితంతో నడిచే యంత్రానికి దారే లేదు. 1855లో ఆ పన్ను పోయింది. పత్రికల ధర పడిపోయింది, చదివేవాళ్లు పెరిగారు. స్టీరియో పనివాళ్లు డెలగానా సోదరుల చేతిలోని కాగితపు మూస అప్పటికి ‘టైమ్స్’ గడప తొక్కింది. న్యూయార్క్‌లో చార్లెస్ క్రాస్క్ అనే స్టీరియో పనివాడు 1854 నుంచే వంపు పలకలతో కుస్తీ పడుతున్నాడు. 1861లో అంతర్యుద్ధం మొదలైంది. యుద్ధభూమి నుంచి కొడుకు బతికున్నాడో లేదో తెలియాలంటే పత్రికే దిక్కు. ఎన్ని ప్రతులేసినా చాలడం లేదు. ఆ ఆగస్టు 31న ‘న్యూయార్క్ ట్రిబ్యూన్’ స్టీరియో పలకలతో అచ్చయింది, మిగతా పెద్ద పత్రికలూ అదే బాట పట్టాయి.

వాళ్లకు తెలిసొచ్చిన అసలు కిటుకు వంపు ఒక్కటే కాదు. ఒక మూస నుంచి పది పన్నెండు పలకల దాకా తీయొచ్చు. పేజీ పేర్చేది ఒక్కసారే, కానీ నాలుగు యంత్రాల మీద ఒకేసారి అచ్చేయొచ్చు. అంతకుముందు రెండో యంత్రం నడపాలంటే అదే పేజీని రెండోసారి పేర్చాల్సి వచ్చేది. 1865లో విలియం బుల్లక్ చుట్ట కాగితం యంత్రం నడిపించాడు. రెండేళ్లకు ఆ యంత్రంలోనే కాలు నలిగి చనిపోయాడు. అదొక విషాదం, ఇక్కడ దానికి చోటు చాలదు.

ఇక మా బాబాయ్ ప్రశ్నకు జవాబు. అర్ధరాత్రి పత్రికాఫీసులో స్టీరియో గదికి వెళ్దాం.

కంపోజింగ్ గదిలో చివరి పేజీ ఇనుప చట్రంలో బిగుసుకుంది. ఫోర్‌మన్ గడియారం చూస్తున్నాడు. పేజీని ఇనుప బండి మీద తోసుకొచ్చారు. అక్షరాల మీద సన్నగా నూనె తుడిచారు. పాత పద్ధతిలో అయితే ఫ్లాంగ్ అక్కడే తయారయ్యేది. పీల్చుడు కాగితం పొరలు, వాటిమీద పూతరేకు లాంటి పల్చటి కాగితాలు, నడుమ గోధుమపిండీ సుద్దా కలిపి ఉడికించిన జిగురు. పులిసిపోకుండా అందులో పటిక వేసేవాళ్లు. ఆ జిగురు పాళ్లు ఏ మేస్త్రీకి ఆ మేస్త్రీ గుట్టు. శిష్యుడికి కూడా ఆఖరిదాకా చెప్పేవాడు కాదు, ఆవకాయ కలిపే పెద్దమ్మలాగా. తడి ఫ్లాంగ్‌ను పేజీ మీద పరిచి, గట్టి కుచ్చుల బ్రష్షుతో దబదబా కొట్టేవాళ్లు. గట్టిగా కొడితే పై పొర చిరుగుతుంది, మెల్లగా కొడితే అక్షరం లోతు దిగదు. తర్వాత కంబళ్లు కప్పి, వేడి బల్లమీద బిగించి ఆరబెట్టాలి. ఈ వేడికి అక్షరాలు పాడవుతున్నాయని తర్వాత తర్వాత పొడి మ్యాట్లు వచ్చాయి. గుజ్జు నుంచి ఒకే అట్టగా యంత్రం మీద తయారైనవి. వాటిని పేజీ మీద పెట్టి రోలరు కింద నుంచో, నీటి ఒత్తిడి ప్రెస్సు కిందో దూరిస్తే చాలు, అక్షరాలకు వేడి తగలక్కర్లేదు.

ఫ్లాంగ్ పైకి లేపితే పేజీ మొత్తం గుంటలుగా కనిపిస్తుంది. చిత్రమేమిటంటే మనం దాన్ని తిన్నగా చదవొచ్చు. అక్షరం తిరగబడి ఉంటుంది, ఫ్లాంగ్ మీద తిన్నగా వస్తుంది, పలక మీద మళ్లీ తిరగబడుతుంది, కాగితం మీద మళ్లీ తిన్నబడుతుంది. ఒక వార్త పాఠకుడికి చేరేలోపు మూడుసార్లు పల్టీ కొట్టేది.

ఇక పోత. ఫ్లాంగ్‌ను అరచుట్టు పెట్టెలో వంచి బిగిస్తారు. సీసంలో యాంటిమొనీ, తగరం కలిసిన లోహాన్ని పోస్తారు. సీసం ఒక్కటైతే 327 డిగ్రీలకు గానీ కరగదు, ఇవి కలిస్తే ఇంకా తక్కువకే కరుగుతుంది. యాంటిమొనీ గట్టిదనాన్నిస్తుంది, చల్లారేటప్పుడు లోహం ముడుచుకుపోకుండా ఆపి అక్షరం అంచులను పదునుగా ఉంచుతుంది. కాగితం ఎందుకు కాలదంటే, గట్టిగా అదిమిన అట్టకు గాలి అందదు, దాని ఒంట్లో మట్టీ సుద్దా ఉన్నాయి, పెట్టె గోడల వెనక చల్లటి నీళ్లు తిరుగుతుంటాయి. కాగితం నిప్పు సంగతి ఆలోచించేలోపే లోహం గడ్డకట్టేస్తుంది. మహా అయితే గోధుమ రంగుకు మాడుతుంది. పదో పలక నాటికి అది అప్పడంలా పెళుసెక్కుతుంది.

ఇదంతా విని బాబాయ్ ఒక్క మాటే అడిగారు. “తడుంటే?” అదీ మూసలు కట్టిన మనిషి ప్రశ్న. తడి మిగిలితే వేడి లోహం తగిలి ఆవిరవుతుంది, లోహాన్ని ఎగజిమ్ముతుంది. ఇసక మూసలోనైనా అంతే, కాగితపు మూసలోనైనా అంతే. అందుకే పోతకు ముందు ఫ్లాంగ్‌ను వేయించినట్టు ఎండబెట్టేవాళ్లు. గాలిలో ఎప్పుడూ చెమ్మ ఉండే మద్రాసు లాంటి ఊళ్లో ఆ పని ఎంత జాగ్రత్తగా చేయాల్సివచ్చేదో ఊహించుకోవచ్చు. ఆ గదిలోవాళ్లకు చేతుల మీద సీసపు చుక్కల మచ్చలు మామూలు. సీసం దగ్గర పనిచేసేవాళ్లు పాలు తాగితే విషం దిగిపోతుందని ప్రెస్సుల్లో గట్టి నమ్మకం ఉండేది. పాలు మంచివే, సీసాన్ని మాత్రం అవి ఏమీ చేయలేవు.

పలకను ఒక మనిషి రెండు చేతులా ఎత్తుకుని పరుగులాంటి నడకతో తిరిగే రోలరు యంత్రం, రోటరీ దగ్గరికి మోసేవాడు. అప్పుడు ఒక తప్పు కనబడితే దిద్దడం కుదరదు, ఉలితో చెక్కేయడమే. పాత పత్రికల్లో వాక్యం మధ్యన అక్కడక్కడ తెల్లటి గంటు కనిపిస్తే అది ఉలి దెబ్బ కావచ్చు.

తెలుగుకు ఈ మూస ఎంత అవసరమో ఒక్కసారి ఆలోచించండి. ఇంగ్లిషు కేసుల్లో (అక్షరాల గళ్ల పెట్టెల్లో) ఉండే అక్షరాలెన్ని, మన గుణింతాలూ ఒత్తులూ కలిస్తే ఎన్ని! వందల గళ్లలోంచి ఏరి పేర్చిన అక్షరాలను నేరుగా యంత్రం మీదికెక్కిస్తే వేలకొద్దీ ప్రతులకు తలకట్లు అరిగేవి, సన్నటి ఒత్తులు విరిగేవి. మూస తీశాక అక్షరానికి కాగితపు అద్దకం తప్ప మరో దెబ్బ లేదు. పేజీని వెంటనే విప్పి అక్షరాలను గళ్లలోకి పంచేయొచ్చు, రేపటి పేజీకి మళ్లీ అవే. ఇబ్బందులూ లేకపోలేదు. మన గుండ్రటి అక్షరాల కడుపులు చిన్నవి, ఫ్లాంగ్ సరిగా దిగకపోతే పలక మీద పూడుకుపోయి సిరా ముద్దలయ్యేవి. వరుసల నడుమ ఖాళీ జాగాలు పోతలో కుంగి నల్లగా అంటకుండా, ఫ్లాంగ్ వీపున అట్టముక్కలు అతికించేవాళ్లు. ఒత్తులున్న లిపిలో ఆ ముక్కలు ఎక్కడ పెట్టాలో కళ్లకే తెలియాలి.

తెలుగు దినపత్రికకు పురిటిల్లు మద్రాసు. కాశీనాథుని నాగేశ్వరరావు 1908లో బొంబాయిలో వారపత్రికగా పెట్టిన ‘ఆంధ్రపత్రిక’ 1914లో మద్రాసుకొచ్చి దినపత్రికయింది. 1938 ఆగస్టు 15న ‘ఇండియన్ ఎక్స్‌ప్రెస్’ యజమాని రామనాథ్ గోయెంకా ‘ఆంధ్రప్రభ’ను దింపాడు. ఖాసా సుబ్బారావు తొలి సంపాదకుడు, 1942 నుంచి నార్ల వెంకటేశ్వరరావు. పాతవాళ్లకూ కొత్తవాళ్లకూ పోటీ మొదలైంది. సంపాదకీయాల్లో ఎవరి కలం పదునన్నది పాఠకులు మాట్లాడుకున్న సంగతి. యజమానుల నిద్ర చెడగొట్టింది మరొకటి, మెయిలు బండికి ఎవరి కట్టలు ముందు అందుతాయన్నది. ఆ పోటీలో రోటరీ ఉన్నవాడిది పైచేయి, రోటరీ ఉన్నచోట స్టీరియో గది ఉండాల్సిందే.

1940లో ఎక్స్‌ప్రెస్ భవనం అగ్నికి ఆహుతైంది. పోటీ పత్రిక ‘ది హిందూ’ ఆ రోజు చేసిన పని మద్రాసు పత్రికా లోకం చాలాకాలం చెప్పుకుంది. ఎక్స్‌ప్రెస్ ఆగిపోకుండా ‘స్వదేశమిత్రన్’ ప్రెస్సులో అచ్చయ్యే ఏర్పాటు చేసింది, తాను ఖాళీ చేసిన మౌంట్ రోడ్డు భవనాన్ని ఇచ్చింది. అక్కడికి మారాకే గోయెంకా పత్రికలకు ఇంకా వేగంగా నడిచే యంత్రాలు అమరాయి. బజార్లో గొంతులు కోసుకునే పోటీదారులు ఒక రాత్రి ఇలా ప్రవర్తించడం అరుదు. ఇప్పుడు ఎవరైనా చేస్తారా అంటే నాకు అనుమానమే.

మూసలకు ఇంకో రాబడీ ఉండేది. ఒకే ప్రకటన పది పత్రికల్లో రావాలంటే ఏజెన్సీ పది మ్యాట్లు కొట్టించి పోస్టులో పంపేది. బరువు లేదు, పగలదు, చుట్టచుట్టినా పరవాలేదు. ఆ పత్రిక స్టీరియో గదిలో పోతపోసుకుంటే చాలు. అన్ని ఊళ్లలో అదే సబ్బు, అదే నవ్వు. ‘మూస సినిమా’, ‘మూస కథ’ అని మనం చిరాకుపడే మాట కంసాలి కొలిమి నుంచి వచ్చింది. అమెరికా పాత్రికేయుడు వాల్టర్ లిప్‌మన్ 1922లో ‘స్టీరియోటైప్’ను మనుషుల తలల్లోని మూసలకు వాడాడు, ఆయన దాన్ని ప్రెస్సు నుంచి తెచ్చుకున్నాడు. రెండు భాషలు రెండు వేర్వేరు కొలిముల దగ్గర ఒకే మాట కనిపెట్టాయి.

తర్వాతి గొడవ కూలీలది. 1955లో శ్రామిక పాత్రికేయుల చట్టం వచ్చింది, వేతన మండలి వచ్చింది. దాని నిర్ణయం మీద ఎక్స్‌ప్రెస్ సుప్రీంకోర్టుకెక్కి 1958లో గెలిచింది. మరుసటి ఏడు మద్రాసులో సమ్మె. ‘ఆంధ్రప్రభ’ను విజయవాడకు తరలించారు. ఆ వ్యాజ్యమూ సుప్రీంకోర్టు దాకా నడిచింది. నార్ల బయటికొచ్చి 1960 జూలై 1న విజయవాడలోనే ‘ఆంధ్రజ్యోతి’ మొదలుపెట్టాడు. 1952 నుంచి ‘విశాలాంధ్ర’ అక్కడే ఉంది. మద్రాసు మౌంట్ రోడ్డు మీది పోటీ కృష్ణ ఒడ్డుకు మారింది. చరిత్ర పుస్తకాలు ఈ ఘట్టంలో సంపాదకుల పేర్లు చెప్పి ఊరుకుంటాయి. బెజవాడకు రాలేక మద్రాసులోనే మిగిలిన కంపోజిటర్లూ పోతపనివాళ్లూ ఏమయ్యారన్నది వాటిలో కనబడదు.

ఆ కట్టలు ఎక్కే బళ్లు మనవైపూ వచ్చేవి. టాటావారి తొలి ఉక్కు 1912లో సాక్చీలో, అంటే ఇప్పటి జంషెడ్‌పూర్‌లో, తయారైన నాటి నుంచి శ్రీకాకుళం, విజయనగరం జనం పనికోసం రైలెక్కుతూనే ఉన్నారు. వాల్తేరు, ఖరగ్‌పూర్, అక్కడ బండి మారితే టాటానగర్, ఆ తర్వాత గమ్హరియా. పత్రికదీ అదే దారి. దూరాలకు పోయే డాక్ ఎడిషన్ కాబట్టి సాయంత్రమే పేజీలు మూసకెక్కేవి, తర్వాతి వార్త ఎంత పెద్దదైనా దానికి అందేది కాదు. ఇక్కడికి చేరేసరికి వార్త చల్లారి ఉండేది. అయినా నైటు షిఫ్టు దిగి వచ్చినవాడు చాయ్ దుకాణం బెంచీ మీద కూర్చుని నిన్నామొన్నటి కాగితాన్ని అక్షరం వదలకుండా చదివేవాడు. బాబాయ్ కూడా అలా చదివినవారే. “సదివేటప్పుడు దీని ఎనకాల ఢలాయి ఉందని ఎవుడికి తెల్సు?” అన్నారు మొన్న, చెయ్యి తిప్పి తన పాత మచ్చ చూసుకుంటూ.

కొలిమి ఆరిపోయే రోజు మాత్రం దగ్గరపడుతూ వచ్చింది, దాని విత్తనం ఎప్పుడో పడింది. 1904 ప్రాంతంలో అమెరికాలో ఐరా రూబెల్ అనే అచ్చుపనివాడి యంత్రంలో ఒకసారి కాగితం పెట్టడం తప్పిపోయింది. సిరా కాగితం మీద పడాల్సింది పోయి రబ్బరు మీద పడింది. తర్వాతి కాగితం వెనకవైపు రబ్బరు నుంచి అంటిన బొమ్మ అసలుకంటే చక్కగా వచ్చింది. ఆ పొరపాటు ఆఫ్‌సెట్‌గా ఎదిగి, డెబ్బయి ఎనభై ఏళ్లకు తెలుగు పత్రికల్లోని సీసపు కుండలను ఎలా చల్లార్చిందో, అక్షరాల గళ్లు పాత ఇనుప కొట్లకు ఎలా చేరాయో వచ్చే భాగంలో చూద్దాం.